మాకీ ఏడు పండగ లేదు

చెన్నై నుంచి తిరుత్తణికి పోయే లోకల్ బండి దారిలో తిరువాలంగాడులో కూడా ఆగుతుంది. డిసెంబర్ 31 సాయంత్రం ఆ బండిలో కాలు పెట్టే చోటుండదు. పసుపు, కుంకుమ, కర్పూరం సంచుల్లో వేసుకుని, తాళాలతో సహా భజన బృందాలు ఎక్కుతాయి. తిరుత్తణి కొండకు మెట్లు 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఆ రాత్రి మెట్టు మెట్టుకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, ఒక్కో తిరుప్పుగళ్ పాట పాడుకుంటూ పైకెక్కుతారు. వళ్ళిమలై సచ్చిదానందస్వామి 1917లో పెట్టిన ఆనవాయితీ ఇది. జనవరి ఒకటో తేదీ తెల్లారేసరికి మనవాళ్ళు తెల్లదొరల బంగళాల ముందు వరస కట్టే రోజులవి. దండం పెట్టాలనుంటే ముందు కొండమీది దొరకు పెట్టండని ఆయన పట్టుబట్టారు. దొరలు పోయారు, మెట్లపూజ మిగిలింది.

అంబత్తూరులో కాపురముండే ఒక పెద్దమనిషి ఏటా ఆ మెట్లు ఎక్కేవాడు. ఆఫీసువాళ్ళను పదిమందిని వెంటేసుకుని మరీ వెళ్ళేవాడు. ఆయన పుట్టి పెరిగింది తిరువాలంగాడులో. బండి అక్కడ ఆగినప్పుడు కిటికీలోంచి చెయ్యి చూపించి, "అదో, మా ఊరు ఆ పక్కనే. నటరాజస్వామి అయిదు సభల్లో రత్నసభ ఉండేది ఈడనే" అని మిత్రులకు చెప్పేవాడు. చిదంబరంలో కనకసభ, మదురైలో వెండిసభ, తిరునెల్వేలిలో రాగిసభ, కుట్రాలంలో చిత్రసభ అని మిగతా నాలుగూ లెక్కపెట్టేలోపల బండి కదిలేది.

పోయినేడు శివరాత్రికి నాలుగు రోజుల ముందు ఆయన తల్లి పోయింది. తల్లి పోయిన ఏడాది కొండ ఎక్కకూడదు గనక ఈ డిసెంబర్‌లో మెట్లపూజకు పోలేదు. కార్తీకంలో దీపాలు పెట్టలేదు, దీపావళికి టపాసు కాల్చలేదు, ఇంట్లో బాండ్లి ఎక్కించలేదు. మాసికాలు ఒక్కటి తప్పలేదు. అంబత్తూరులో వాళ్ళ అపార్ట్‌మెంటు సంఘానికి ఆయనే కార్యదర్శి. ఏటా సంక్రాంతికి గేటు ముందర మూడు రాళ్ళు పెట్టి, అందరి తరఫునా పొంగలి కుండ ఎక్కించేది ఆయనా ఆయన భార్యానే. "ఈసారి ఇంకెవరినైనా చూసుకోండి. మాకీ ఏడు పండగ లేదు" అని సంఘానికి ముందే చెప్పేశాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించేవాడు. వినేవాళ్ళు కూడా తగ్గించి, "అవునవును, అమ్మగారు గదా" అనేవాళ్ళు.

ఈ ఏడాది నియమం గురించి ఒక మాట. పోయిన జీవుడు పితృలోకానికి చేరడానికి ఏడాది పడుతుందని, అందాకా నెలనెలా పెట్టేది దారిబత్తెమని పెద్దలు చెప్తారు. జీవుడి సంగతి ఎలా ఉన్నా, ఉన్నవాళ్ళకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. కడుపులో దుఃఖం పెట్టుకుని పైకి పట్టుబట్ట కట్టి నవ్వాల్సిన పని లేదు. నియమంలో రెండో సగం కూడా ఉంది. చావు జరిగిన ఇంట్లో పిండివంట చెయ్యకూడదు, కానీ ఆ ఇల్లు పిండివంట లేకుండా ఉండకూడదు. చుట్టుపక్కలవాళ్ళు తెచ్చి పెట్టాలి. మొదటి సగం మనకు బాగా గుర్తుంటుంది. రెండో సగం గుర్తుపెట్టుకోవాల్సింది పక్కింటివాళ్ళు కాబట్టి, దాని జోలికి మనం పెద్దగా పోము.

సంక్రాంతికి వారం ముందు తమ్ముడు బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. అతని పిల్లలకు సంక్రాంతి అంటే అమ్మమ్మగారి ఊరే. తెనాలిలో గాలిపటాలు, గొబ్బెమ్మలు, హరిదాసులు. ఈసారి అక్కడికీ పోవడానికి లేదు.

"నాలుగు రోజులు సెలవలన్నా. ఏం చేద్దాం?"

"ఏం చేసేదేముంది, మనకు పండగ లేదు గదా. ఊరికి పోదాం. ఎట్లాగూ సంవత్సరీకం లోపల ఇల్లు సర్దెయ్యాల. అడిగే పార్టీ ఒకరుండారు."

అట్లా భోగి ముందు రోజు సాయంత్రానికి రెండు కార్లు తిరువాలంగాడు తేరువీధిలో ఆగాయి. ఎదురింటి అరుగు మీద బియ్యం చెరుగుతున్న ముసలామె చేట పక్కన పెట్టి లేచి నిలబడింది. వీళ్ళు దిగి, సామాను దించి, తాళం తీసి లోపలికి పోయేదాకా అట్లాగే నిలబడి చూసింది.

ఈ వైపు ఊళ్ళలో తెలుగిళ్ళ సంగతి దూరాన ఉన్నవాళ్ళకు అంతగా తెలియదు. తిరుత్తణి తాలూకా ఒకప్పుడు చిత్తూరు జిల్లాలోది. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇళ్ళు ఉన్నచోటే ఉన్నాయి, బడి మారింది. ఈ అన్నదమ్ముల తండ్రి తెలుగు చదివినవాడు. పిల్లలిద్దరూ బళ్ళో తమిళం చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుకున్నారు. పండగ మాత్రం రెండు వైపులా ఒకటే. భోగి ఇటూ భోగే, సంక్రాంతిని పొంగల్ అంటారు, కనుమను మాట్టుపొంగల్ అంటారు. కుండ పొంగేటప్పుడు ఏ దిక్కుకు పొంగిందా అని రెండు భాషలవాళ్ళూ మెడలు చాపి చూస్తారు.

మరునాడు భోగి. పొద్దున్నే వీధి పొడుగునా మంటలు, పిల్లకాయల తప్పెట్లు. చిన్నోడి కొడుకు చలికి వణుకుతూ గడప దాకా పోయి, "పెదనాన్నా, మనం వెయ్యమా?" అన్నాడు.

"మనకు లేదు నాన్నా. అవ్వ పోయింది గదా."

లోపల అవ్వ పడుకున్న చాప, చిరిగిన బొంతలు, విరిగిన కుర్చీ కుప్పగా పడి ఉన్నాయి. మామూలు ఏడైతే భోగిమంటకు పనికొచ్చేవి. పండగ లేదు గనక పాత సామాన్లవాడికి వెయ్యాలని తీర్మానమైంది. అతను కనుమ మర్నాడు వస్తానన్నాడు.

సాయంత్రం పిల్లల గోల పడలేక పెద్దాయన అందరినీ గుడికి తీసుకుపోయాడు. ఇది కొండ కాదు కాబట్టి దోషం లేదు. వడారణ్యేశ్వరుడి గుడిలో రత్నసభ, కాలు నిట్టనిలువుగా పైకెత్తిన నటరాజు. కాళికతో పందెం వేసుకుని ఆడిన ఊర్ధ్వతాండవం ఇక్కడిదే. పిల్లలు కాలు ఎత్తబోయి పడ్డారు. నవ్వులయ్యాక పెద్దాయన స్వామి పాదాల దగ్గరుండే కారైక్కాల్ అమ్మయార్‌ను చూపించాడు. కథ చెప్పడంలో ఆయనది అందె వేసిన చెయ్యి, అది ఒప్పుకోవాలి.

"ఈమె పేరు పునీతవతి. కారైక్కాల్‌లో వర్తకుల ఇంటి ఆడబిడ్డ. ఈమె మహిమ చూసి మొగుడు భయపడిపోయినాడు. దేవతతో కాపురం ఎట్లా చేసేదని ఓడెక్కి వెళ్ళిపోయి, ఇంకో ఊళ్ళో ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. బిడ్డ పుడితే ఈమె పేరే పెట్టినాడు. అది తెలిసినాక ఈమె, ఇంకెవరి కోసం ఈ అందం అని, ఒంటి మీద కండంతా రాల్చేసి ఎముకలగూడు మాదిరి అయిపోయింది. కైలాసానికి పోయింది. దేవుడుండే నేల మీద కాలు పెట్టకూడదని తలకిందులుగా, తలతో నడిచి పోయింది. పార్వతీదేవి చూసి, ఎవరండీ ఈ పిశాచం అనింది. శివుడు ఏమన్నాడో తెలుసునా? ఆమె మనల్ని సాకే అమ్మ అన్నాడు."

"శివుడికి అమ్మ ఉందా?" అంది చిన్నోడి కూతురు.

"లేదు. అమ్మ లేదు, నాన్న లేదు. పుట్టనేలేదు గదా ఆయన. అందుకే ఒక మనిషిని పట్టుకుని అమ్మా అన్నాడు. ఏం కావాలమ్మా అంటే, నువ్వు ఆడతా ఉంటే నీ కాళ్ళ కింద కూర్చుని పాడుకుంటా, అది చాలు అనింది. అట్లయితే ఆలంగాడుకు పో, ఆడ ఆడి చూపిస్తా అన్నాడు. ఆలంగాడు అంటే ఇదే, మన ఊరే. ఆయన వచ్చినాడు, ఆడినాడు. ఆమె ఈడనే ఉండిపోయింది."

పన్నెండో శతాబ్దపు సేక్కిళార్ పెరియపురాణంలో చెప్పిన కథ ఇది. అరవైమూడు మంది నాయన్మార్లలో ఆడవాళ్ళు ముగ్గురే, అందులో ఈమె ఒకరు. వరసగా నిలబెట్టిన నాయన్మార్ల విగ్రహాల్లో ఈమె కూర్చుని ఉంటుంది. తల్లిని నిలబెట్టకూడదు గదా అంటారు. పెద్దాయన అది కూడా చెప్పి, కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముడు అన్న భుజం మీద చెయ్యి వేశాడు. చుట్టూ పండగ జనం, కొత్త బట్టల గంజి వాసన. తల్లి పోయిన ఇంటివాళ్ళు ఇట్లా ఒక మూల నిలబడితే చూసినవాళ్ళకు ఎవరికైనా జాలేస్తుంది.

రాత్రి ఆడవాళ్ళిద్దరూ వంటిల్లు సర్దడానికి దిగారు. అటక మీద నుంచి గోనెపట్టాలో చుట్టిన పెద్ద ఇత్తడి తపేలా దిగింది. ఆ ఇంటి పొంగలి తపేలా అదే. మెడ దగ్గర పసుపు మొక్క కట్టే తాడు కూడా అట్లాగే ఉంది. చిన్న కోడలు దాన్ని దీపం దగ్గర తిప్పి చూసి ఆశ్చర్యపోయింది.

"అక్కా, అడుగున ఒక్క మసి మరక లేదు. అత్తయ్యగారు ఎంత బాగా తోమేవారో చూడండి!"

"ఆమె చెయ్యి అట్లాంటిది" అన్నాడు చిన్నోడు గుమ్మంలోంచి. "ఏటా పండగ రోజు ఫోన్ చేస్తే ముందు అదే చెప్పేది. తూర్పుకే పొంగింది నాయనా, మీ ఇద్దరి ఇండ్లూ చల్లగుంటాయి అనేది. పోయిన సంక్రాంతికీ చెప్పింది."

"నాకూ చెప్పింది" అన్నాడు పెద్దాయన. తపేలా ఎవరు పట్టుకుపోవాలన్న ప్రస్తావన ఆ మాటతో ఆ పూటకు ఆగిపోయింది.

వంటింటి కింది అలమర్లో ఇంకో వింత కనపడింది. మూతలున్న స్టీలు గిన్నెలు ఏడు. ఒక సైజూ కాదు, ఒక రకమూ కాదు. కడిగి, తుడిచి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి. ఆ ఇంటి గిన్నెల మీద పేర్లన్నీ తెలుగులో ఉంటాయి, మామగారి కాలంలో చెక్కించినవి. వీటి మీద రెండు తమిళ అక్షరాలు, ఏడింటి మీదా అవే రెండు.

లోహం మీద అక్షరం ఈ ఊరికి కొత్త కాదు. రాజేంద్ర చోళుడు పక్కనున్న పళయనూరును ఇక్కడి గుడికి రాసిచ్చిన శాసనం 1905లో ఈ ఊళ్ళోనే దొరికింది. ముప్ఫై ఒక్క రాగిరేకులు, సంస్కృతంలో కొంత, తమిళంలో కొంత. ఎవరు, ఎవరికి, ఏమిచ్చారో అందులో స్పష్టంగా ఉంది. స్టీలు గిన్నెల మీద అంత వివరం ఉండదు. తమిళం రాని కోడళ్ళిద్దరూ పెద్దాయనకు చూపించారు. ఆయన కళ్ళజోడు లేకుండానే ఒక చూపు చూసి, "ఏవో పెళ్ళిళ్ళలో ఇచ్చినవయ్యుంటాయిలే" అన్నాడు.

"ఏడూ ఒకరే ఇచ్చారాండీ?" అంది చిన్న కోడలు.

"ముసలోళ్ళు దాస్తా ఉంటారు. పాత సామాన్లలో వెయ్యండి."

గిన్నెలు గోతంలోకి పోయాయి. గోతం అరుగు మీదికి పోయింది.

సంక్రాంతి పొద్దున వీధంతా చెరుకుగడలు, ముగ్గులు, కొత్తబియ్యం వాసన. ఎండ అరుగుల మీదికి వచ్చేసరికి ఒక్కో వాకిట్లో కుండ పొంగడం, "పొంగలో పొంగల్" అని కేకలు. ఎదురింట్లో కూడా పొంగింది. వీళ్ళింట్లో పెసరపప్పు, అన్నం, చారు. పెద్దాయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే, "మాకీ ఏడు పండగ లేదు" అని అదే గొంతుతో చెప్తున్నాడు.

పదకొండు దాటాక ఎదురింటి అత్త వచ్చింది. చేతిలో మూత పెట్టిన స్టీలు గిన్నె, ఇంకో చేతిలో అరిటాకు చుట్టిన వడలు, అనపగింజల కూర. ఎవరినీ అడగలేదు. నేరుగా వంటింట్లోకి పోయి, పొయ్యి పక్కన గూట్లో పెట్టి, పమిట చెంగుతో చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. పెద్దాయన లేచి కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"గుర్తుపెట్టుకుని తెచ్చినావత్తా. ఈ కాలంలో ఎవరు చేస్తారు ఇట్లా? పెద్ద మనసు నీది. మాకేమో ఈ ఏడు పండగ లేదు, నీకు తెలుసు గదా..."

"తెలుసు నాయనా. ఎనిమిదేండ్లుగా ఈ ఇంట్లో ఆ మాట వింటానే ఉండా."

పెద్దాయనకు అర్థం కాలేదు. అత్త అరుగు మీద గోతం వైపు చూస్తోంది. మూతి కట్టలేదు, గిన్నెలు పైకి కనపడుతున్నాయి. ఆమె వంగి ఒకటి బయటికి తీసి, మూత తిప్పి చూసుకుంది.

"ఇవి నావే గదా! ఈడెందుకు పెట్టినారు?"

"నీవా?"

"నా పేరే చెక్కుండాదే, చదవలేదా? మీ నాయన పోయిన ఏడు ఆచారమని తెచ్చి పెట్టినా, గిన్నె అప్పుడే తీసకపోయినా. మరుసటేడు చూస్తే మీ ఇంటి ముందర ముగ్గు లేదు, పొయ్యి మీద తపేలా లేదు. ఏడాది తీరిపోయె గదా వదినా, ఇంకేం మైల అంటే, 'మాకు పండగ లేదు వదినా, పిల్లకాయలు రాలా' అనింది మీయమ్మ. సరేనని నేనే తెచ్చి పెట్టినా. ఆ పైటేడూ అంతే. ఏటా అంతే."

చిన్నోడు లోపల్నుంచి వచ్చాడు. "లేదత్తా, చేసుకునేది. ఫోన్లో చెప్పేది గదా నాకు, తూర్పుకే పొంగింది అని."

"పొంగింది నాయనా, అబద్ధమేం కాదు. మా వాకిట్లో పొంగింది. ఈ గడపలో నిలబడి చూసి చెప్పేది."

కోడళ్ళిద్దరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. అత్త గిన్నెలు ఒక్కొక్కటే తీసి అరుగు మీద వరసగా పెట్టుకుంటూ లెక్కపెట్టింది. ఏడూ సరిపోయాయి.

"గిన్నె ఇయ్యి వదినా అంటే ఇచ్చేదే కాదు మీయమ్మ. పొరుగోళ్ళ గిన్నె వట్టిది ఇయ్యకూడదంట. పిల్లకాయలు వచ్చినేడు తపేలా ఎక్కిస్తా, అన్నిట్లో పొంగలి నింపి ఒకేసారి ఇస్తా అనేది. నేనూ అడగడం మానేస్తి."

పెద్దాయన నోరు తెరిచాడు గాని మాట రాలేదు.

"ఇప్పుడు అందరూ వచ్చినారు" అంది అత్త, గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ. "మీకేమో పండగ లేదాయె. మూతలు ఇట్లా అందియ్యి నాయనా, వట్టివే తీసకపోతా."